సిక్‌లో ఉన్న చెయ్యి

హిందీ మాట్లాడే గుఢియారీ పేటలో రైలు పట్టాలకు కాస్త ఇవతలగా ఉన్న ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది సూరిబాబు. గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకుని తాగిన పాపాన పోలేదు. అలాంటివాడు ఇప్పుడు తానే స్టవ్వు వెలిగించి, టీ కాచి, వడగట్టి, ఊది చల్లార్చి, భార్య మంచం దగ్గరికి పట్టుకెళ్ళి ఇస్తున్నాడు. ఆ టీలో ఒకరోజు పంచదార ఎక్కువ, మరుసటి రోజు తక్కువ. సరిగ్గా కుదిరిన రోజంటూ లేదు. రమణమ్మ ఆ సంగతి ఒక్కరోజూ పైకి అనలేదు.

"ఎలాగుంది టీ?" అని అడిగాడు ఆ రోజు కూడా.

"బాగుంది."

"నిన్నటికన్నానా?"

"నిన్నా బాగుంది," అంది రమణమ్మ ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని. ఆమె కుడిచెయ్యి మెడకు తగిలించిన స్లింగ్‌లో, ఒడిలో పసిపిల్లలా పడుకుని ఉంది.

టీ అయ్యాక తల దువ్వడం. నూనె రాసి, చిక్కు తీసి, ముడి వేసేవాడు సూరిబాబు. వేలు కూడా దూరనంత గట్టిగా, తన గార్డు పెట్టెకు తాడు బిగించినట్టు బిగించేవాడు. ఆమె కళ్ళు కాస్త పైకి లాగినట్టయ్యేవి. అతను మాత్రం ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసుకుని, తన పనికి తానే మురిసిపోయేవాడు.

ఇంత సేవ ఎందుకు చేస్తున్నాడంటే, రమణమ్మ సిక్‌లో ఉంది కాబట్టి. ఈ మాటకు రైల్వే ఇళ్ళలో ఉన్నంత బరువు ఇంకెక్కడా ఉండదు. ఉద్యోగికి జ్వరం వచ్చినా, కాలు బెణికినా రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్ళి 'సిక్' రాయించుకోవాలి. తగ్గాక ఆ డాక్టరే 'ఫిట్' ఇవ్వాలి. ఫిట్ చేతికి రానిదే డ్యూటీలో కాలు పెట్టకూడదు. సూరిబాబు రిటైరయ్యాడు గాని ఆ పద్ధతి అతనిలోంచి రిటైరవలేదు. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు "సిక్‌లో పెట్టీండి" అనేవాడు. తగ్గిందని వాళ్ళు చెప్పినా చాలదు, ఫిట్ తను ఇవ్వాలి.

తొంభై ఏడు వానాకాలంలో రమణమ్మ పెరటి మెట్ల మీద జారింది. పడిపోకుండా కుడిచేత్తో తలుపు చట్రం పట్టుకుని వేలాడింది. ఎముక విరగలేదు గాని, భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది, టెండన్ అంటారట, అది తెగింది. ఆపరేషన్ చేసి దాన్ని మళ్ళీ ఎముకకు కుట్టారు. ఆరు వారాలు చెయ్యి కదపకుండా స్లింగ్‌లో ఉంచమన్నాడు డాక్టర్ దేవాంగన్. సూరిబాబు ఆ ఆరు వారాలూ భార్యను కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. అన్నం కలిపి ముద్దలు చేసి నోటికి అందించాడు. ఆమె నిద్రలో కుడివైపు తిరుగుతుందేమోనని ఆ పక్కన తలగడలు పేర్చి, వాటి పక్కన తాను కాపలా పడుకున్నాడు.

గడువు అయ్యాక ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు స్లింగ్ తీసేసి, ఇక కసరత్తు మొదలుపెట్టాలని చెప్పి పక్క గదిలోకి పంపాడు. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రమణమ్మను బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి మెల్లగా పైకి ఎత్తింది. రమణమ్మ "అమ్మా" అని అరిచింది. సూరిబాబు అంతకు ముందు ఎన్నడూ ఆమె అరుపు వినలేదు. ప్రసవాలప్పుడు అతను ఏదో బండితో టిట్లాగఢ్‌లోనో రాయగడలోనో ఉన్నాడు మరి. గబగబా డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్ళి, "డాక్టర్ సాబ్, ఈవిడకి ఫిట్ ఇచ్చినట్టేనా?" అని అడిగాడు. డాక్టరు నవ్వి, "అప్పుడే ఫిట్ ఎక్కడిది బాబూజీ, ఇంకా కొన్ని నెలలు పడుతుంది," అన్నాడు.

సూరిబాబుకు ఆ మాట చాలు. ఫిట్ రాని మనిషితో పని చేయిస్తారా? భార్యను రిక్షా ఎక్కించి ఇంటికి తెచ్చేశాడు. తీసేసిన స్లింగ్ తన చేతులతో మళ్ళీ తగిలించాడు. ఇంట్లో అడిగినవాళ్ళకు, "ఇంకా ఫిట్ ఇవ్వనేదు," అని ఒక్క ముక్కలో చెప్పాడు. కొడుకు అప్పారావుకు ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టుల గోల. తండ్రి చూసుకుంటున్నాడు కదా అని ఊరుకున్నాడు. రమణమ్మ కూడా ఏమీ అనలేదు. ఆ నొప్పి మళ్ళీ పడనక్కర్లేదనుకుంటే ఆమెకూ ప్రాణం తెరిపిన పడింది. అలా నెల గడిచిపోయింది.

అసలు సంగతి బయటపెట్టింది కోడలు ఊర్మిళ. అత్తగారికి స్నానం చేయించేది ఆమే. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల. మాటల్లో హిందీ ఎంత ఉంటుందో తెలుగూ అంతే ఉంటుంది. స్నానాల గది బయట సూరిబాబు నిలబడి, "చెయ్యి జాగ్రత్తమ్మా, కదపకండి," అని హెచ్చరికలు చేస్తూండగా లోపల పని నడుస్తుంది.

ఒక ఆదివారం మామగారు మార్కెట్టుకు వెళ్ళిన సమయంలో స్నానం పడింది. ఊర్మిళ సబ్బు రుద్దుతూ, "అత్తమ్మా, చెయ్యి కొంచెం పక్కకి తీయండి," అంది.

"రాదమ్మా."

"నొప్పా?"

"నొప్పి కాదే. రాదు. గడియ పడిపోయిన తలుపులాగుంది," అంది రమణమ్మ. అలా అంటూ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ఊర్మిళ తడిచేత్తోనే ఆ మోచెయ్యి పట్టుకుని మెల్లగా జరిపి చూసింది. చెయ్యి ఒంటికి అతుక్కున్నట్టు ఆగిపోయింది. ఇంకాస్త జరిపితే చెయ్యికి బదులు భుజం మొత్తం చెవి వైపు లేచింది. నీళ్ళు పోయడం ఆపి, ఆసుపత్రిలో ఏమన్నారో మొదటినుంచి చెప్పమని అత్తగారిని అడిగింది. రమణమ్మ దాచకుండా చెప్పింది. చెప్పాక, "ఆయనతో అనకే. పాపం, నాకోసం ఎంత తాపత్రయపడతన్నారో చూస్తన్నావు కదా," అని బతిమాలింది.

అనకుండా ఊరుకునే మనిషి కాదు ఊర్మిళ. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక, సూరిబాబు మొదటి ముద్ద భార్య నోటి దగ్గరికి తీసుకెళ్తూండగా అడిగేసింది.

"మావయ్యా, డాక్టర్ సాబ్ నెల కిందటే కసరత్ మొదలుపెట్టమన్నారట కదా."

సూరిబాబు చెయ్యి గాలిలో ఆగింది. ముందు భార్య వైపు చూశాడు. ఆమె పళ్ళెంలోకి చూస్తోంది.

"అన్నాడు," అన్నాడు. "ఫిట్ మాత్రం ఇవ్వనేదు."

"అత్తమ్మ ఏమన్నా బండి నడపాలా మావయ్యా, ఫిట్ ఇవ్వడానికి?"

అప్పారావుకు నవ్వొచ్చి పొలమారింది. తండ్రి చూపు చూసి నీళ్ళ గ్లాసు వెనక దాక్కున్నాడు.

"నవ్వండి, నవ్వండి," అన్నాడు సూరిబాబు. "నాను నోరిప్పి అడిగినాను. ఫిట్టేనా సాబ్ అన్నాను. ఇంకా నెలలు పడతాదన్నాడు. ఫిట్ కాని మనిషిని డ్యూటీలోకి దింపితే ఏటవుతాదో మీకు తెల్దు. మా పున్నయ్యని చూడండి. వర్క్‌షాపులో ఫిట్టరు. వాడికీ ఇదే ఆపరేషన్. తొందరపడి చెయ్యెత్తీసినాడు. ఇప్పుడా చెయ్యి కొయ్యముక్క."

"చెయ్యెత్తడం డ్యూటీ కాదు, అదే దవా, అదే మందు," అంది ఊర్మిళ. గొంతు పెరిగింది. "ఇవాళ స్నానంలో చూశాను. అత్తమ్మ చెయ్యి జానెడు కూడా రావడం లేదు. ఇంకా ఇలాగే ఆరామ్ ఆరామ్ అంటే జిందగీ అంతా రాదు. రేపు నేను తీసుకెళ్తాను ఆసుపత్రికి."

"నువ్వు తీసుకెళ్ళక్కర్లేదు."

"మరి మీరు తీసుకెళ్ళండి."

"నా పెళ్ళానికి ఏది మంచిదో నిన్నకాక మొన్నొచ్చినదానివి నువ్వా నాకు చెప్పడం?"

ఊర్మిళ కళ్ళు నిండాయి. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పారావు, "నాన్నా, అంత మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు నెమ్మదిగా. రమణమ్మ నోటి దగ్గరికి వచ్చిన ముద్దను తల తిప్పి వద్దంది. ఆపరేషన్ అయిన నాటినుంచి ఆమె వద్దన్న మొదటి ముద్ద అదే.

సూరిబాబు చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయటపడ్డాడు. అతని ఆలోచన ఒక్కటే. పున్నయ్యను వెంటబెట్టుకొచ్చి కోడలి ముందు నిలబెడితే తన మాట నిజమని తేలిపోతుంది. తేలకపోతే? ఆ ప్రశ్నకు జవాబు వెతక్కుండా పట్టాలు దాటేశాడు.

పున్నయ్యది పార్వతీపురం వైపు ఊరు. బనీనుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. సూరిబాబు కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"పున్నయ్యా, ఒక్కసారి మా ఇంటికి రావాల. నీ చెయ్యి ఎందుకిలాగయిపోయిందో మా కోడలికి చెప్పాల. ఆపరేషన్ అయినాక తొందరపడి ఎత్తీసినావనీ, అందుకే పోయిందనీ."

పున్నయ్య అతన్ని వింతగా చూశాడు. "ఎవులు చెప్పినారు నీకు?"

"వర్క్‌షాపులో అందరూ అనీవోరు కదా."

"అందరూ అనీవోరు గానీ నన్ను ఎవులూ అడగనేదు. నాను ఎత్తితే కదా సూరిబాబూ. డాక్టరు ఎత్తమన్నాడు. నొప్పెట్టింది. సిక్‌లోనే ఉన్నాను కదా, ఫిట్ వచ్చినాక ఎత్తుదాంలే అని కూకున్నాను. ఫిట్ వచ్చింది. చెయ్యి రానేదు."

సూరిబాబు అరుగు మీద కూలబడ్డాడు. పున్నయ్య అదేమీ గమనించలేదు. మిత్రుడు పిలిచాక వెళ్ళకపోతే బాగుండదని, "ఏమే, చొక్కా వెయ్యి," అని లోపలికి కేకేశాడు.

అతని భార్య పార్వతమ్మ చొక్కా పట్టుకుని వచ్చింది. మొగుడి కుడిచెయ్యి పట్టుకుని, గలేబులోకి తలగడ దూర్చినట్టు చొక్కా చేతిలోకి దూర్చింది. గుండీలు పెడుతూ ఆమె అతని వైపు చూడటం లేదు. లోపల పొయ్యి మీద పాలున్నాయి, ఆమె చెవులు అటే ఉన్నాయి. పున్నయ్య కూడా ఆమెను చూడటం లేదు. గడ్డం పైకెత్తి గోడ మీది క్యాలెండరును చూస్తున్నాడు. పార్వతమ్మ కఠినురాలేమీ కాదు, సూరిబాబుకు ఎప్పుడు వచ్చినా ఆప్యాయంగా టీ ఇచ్చే మనిషి. చేసి చేసి ఆ పని ఆమెకు అంట్లు తోమడంతో సమానమైపోయింది, అంతే.

ఆమె లోపలికి వెళ్ళాక పున్నయ్య గొంతు తగ్గించి అన్నాడు. "మొదట్లో బాగుండీది. ఆవిడ గుండీలు ఎడతంటే నాకూ ముద్దుగా ఉండీది, ఆవిడికీ సరదాగానే ఉండీది. పోను పోను ఆవిడికి విసుగు, నాకు సిగ్గు. ఇద్దరం పైకి అనుకోం. పద, ఎల్దాం."

"ఒద్దులే పున్నయ్యా. నువ్వు రానక్కర్లేదు."

"చొక్కా ఏసినాక రానక్కర్లేదంటావేటి?" అన్నాడు పున్నయ్య. లోపలినుంచి పార్వతమ్మ, "అయితే మళ్ళీ ఇప్పాలా?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు సూరిబాబు పట్టాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బండేదీ రావడం లేదు. అయినా నిలబడ్డాడు. తన మంచితనం మీద తనకున్న నమ్మకం కాళ్ళ కింద కదిలిపోయినట్టుంది. పార్వతమ్మ చేతుల్లో ఆ చొక్కా ఎలా ఉందో, తన చేతుల్లో రమణమ్మ తల అలాగే ఉన్నట్టు కనిపించింది. ఏదో ఒకరోజు తను కూడా ఆమె వైపు చూడకుండా ఆ జుట్టు ముడివేస్తాడా?

ఇల్లు చేరేసరికి అప్పారావు పడుకున్నాడు, ఊర్మిళ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంది. రమణమ్మ గదిలో లేదు. వెనక వసారాలోకి తొంగిచూశాడు. ఆమె స్లింగ్ తీసేసి, గోడకు ఎదురుగా నిలబడి ఉంది. కుడిచేతి వేళ్ళను గోడ మీద ఆనించి పైకి పాకించాలని చూస్తోంది. వేళ్ళు నడుము దాటి రావడం లేదు. పళ్ళు బిగించి, భుజం ఎగరేసి, ఒళ్ళంతా ఒక పక్కకు ఒరగదీసి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోంది. ఆ చెయ్యి తన చెయ్యి కానట్టు దాన్ని చూస్తోంది.

"రమణా," అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. ఆ లాక్కోవడమే సూరిబాబు గుండెను కోసేసింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలాగ చేస్తన్నావు?"

"వారంనుంచి, మీరు మధ్యాన్నం పడుకున్నప్పుడు."

"నాతో ఎందుకు చెప్పనేదు?"

"ఏటని చెప్పను?" అంది రమణమ్మ. మెట్టు మీద కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. "పెళ్ళయిన కాడినుంచి మీరు నా పక్కన కుదురుగా కూకున్నదెప్పుడండీ? బండి పిలుపొస్తే కలిపిన అన్నం ఒగ్గీసి ఎల్లిపోయీవోరు. రిటైరయినాకైనా ఏటి, మీరు వీధరుగు మీద, నాను పొయ్యి దగ్గర. ఈ చెయ్యి పోయినాక కదా మీరు టీ గ్లాసుతో వచ్చి నా ముఖం చూస్తా కూకున్నారు. ఎలాగుంది, ఎలాగుంది అని అడుగుతా. అది చూసి నాకు నోరు రానేదు."

సూరిబాబు తల వంచుకున్నాడు. "నాకూ అదేనే. నువ్వు అరిచినావని తెచ్చీసినాననుకున్నాను. పున్నయ్య పేరు చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. చెయ్యి బాగయితే నువ్వు మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికి ఎల్లిపోతావు. నాతో నీకు పనుండదు. అది నాకు ఇష్టం నేకపోయింది."

"ఓరి నా తండ్రీ," అంది రమణమ్మ. ఎడమచేత్తో అతని వీపు మీద మెల్లగా తట్టింది. "మీతో పనుండాలని నా చెయ్యి పాడుచేసుకుని కూకోవాలా? పిలిస్తే రానా?"

ఆ మాటకు సూరిబాబు ఏడ్చేశాడు. దాచుకోవాలని కూడా చూడలేదు. రమణమ్మ ఓదార్చలేదు, ఏడవనిచ్చింది.

తర్వాత అతను లేచి, ముఖం కడుక్కుని, వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల ఊర్మిళ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"అమ్మా ఊర్మిళా, రేపు మీ అత్తని ఆసుపత్రికి తీసుకెళ్తన్నాను. నువ్వూ రావాల. నానొక్కడినీ ఎల్తే మళ్ళీ పారిపోయి వచ్చీస్తాను."

ఊర్మిళ చేట పక్కన పెట్టింది.

"మధ్యాన్నం అన్న మాట మనసులో ఎట్టుకోకు తల్లీ."

"పెట్టుకున్నాను మావయ్యా," అంది ఊర్మిళ. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు తీసేశాను. టీ పెట్టమంటారా? మీ టీ వద్దు, నేనే పెడతాను."

మర్నాడు డాక్టర్ దేవాంగన్ చెయ్యిని అటూ ఇటూ కదిపి చూసి, నుదురు చిట్లించాడు. కుట్టు చక్కగా అతికిందనీ, కదలిక లేక భుజమే బిగుసుకుపోయిందనీ హిందీలో చెప్పాడు. నెల కిందట మొదలుపెట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదన్నాడు.

"చెయ్యి మళ్ళీ వస్తుందా సాబ్?" అని అడిగాడు సూరిబాబు. ఫిట్ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మాట ఇవ్వలేను బాబూజీ. రోజూ చేస్తే వస్తుందని ఆశ. చెయ్యకపోతే మాత్రం రాదు, అది ఖాయం. ముందు ఆమె తనంతట తాను ఎత్తకూడదు. ఆమె చెయ్యి వదులుగా ఉంచాలి, ఇంకొకరు పట్టుకుని ఎత్తాలి. ఇంట్లో ఎవరు చేస్తారు?"

"నేను," అంది ఊర్మిళ.

"నాను చేస్తాను," అన్నాడు సూరిబాబు అదే క్షణంలో. ఊర్మిళ అతన్ని అనుమానంగా చూసింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఎలా పట్టుకోవాలో, ఎక్కడ ఆపాలో అతని చేతులకు నేర్పింది.

ఇంటి దగ్గర మొదటి పొద్దున వేడినీళ్ళ గుడ్డతో భుజం కాచి, రమణమ్మను చాప మీద పడుకోబెట్టి, మోచేతి కింద అరచెయ్యి పెట్టి ఎత్తాడు. ఆమె మూలిగింది. అతను వెంటనే దించేశాడు.

"ఏటండీ?"

"నా వల్ల కాదే."

"కాకపోతే అక్కడ ఎందుకు నాను నాను అన్నారు? ఊర్మిళని పిలవనా?" అంది రమణమ్మ. అతని ముఖం చూసి మళ్ళీ మెత్తబడింది. "ఇదిగో, వినండి. నాను ఏడిస్తే ఆపకండి. తిట్టినా ఆపకండి. నిజంగా ఓర్చుకోలేకపోతే బస్ అంటాను, ఇంక చాలని. ఆ మాటంటేనే ఆపండి."

తలుపు దగ్గరనుంచి ఊర్మిళ, "నేనిక్కడే నిలబడి వింటుంటాను. బస్ అనకుండా ఆపారంటే చూడండి మావయ్యా," అంది.

అలా మొదలైంది. రమణమ్మ ఏడ్చేది. అతన్నీ, అతని రైల్వేనీ, పెళ్ళి సంబంధం తెచ్చిన బొబ్బిలి మేనమామనీ కలిపి తిట్టేది. సూరిబాబు కళ్ళలో నీళ్ళతో ఎత్తుతూనే ఉండేవాడు. ఆమె ధ్యాస మళ్ళించడానికి ఏదో ఒకటి మాట్లాడమంది ఊర్మిళ. ఏం మాట్లాడాలో తెలియక తన బండి కబుర్లు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు ఎప్పుడూ చెప్పని కబుర్లు. టిట్లాగఢ్ ఎండకు, బండి చివర తనుండే బ్రేకువ్యానులో ఇనుప కమ్మీలు ముట్టుకోలేక చేతికి తువ్వాలు చుట్టుకుని నిలబడిన రోజు. అడవిలో బండి ఆగిపోయి, వాన పడి, తిండి లేక, ఆమె కట్టిచ్చిన పులిహోరను డ్రైవరుతో పంచుకున్న రోజు. "అది నాకెప్పుడూ చెప్పనేదు," అనేది రమణమ్మ నొప్పి మధ్యలో. "నువ్వెప్పుడు అడిగినావు?" అనేవాడు.

చెయ్యి మొండికేసేది. నిన్న గడ్డం దాకా వచ్చినది ఇవాళ మెడ దగ్గరే ఆగిపోయేది. అలాంటి రోజుల్లో సూరిబాబు అన్నం సరిగా తినేవాడు కాదు. ఆ చెయ్యిని తనే చెడగొట్టానన్న దిగులు అతన్ని వదల్లేదు. రమణమ్మ ఒకనాడు ఎడమచేత్తో ముద్ద చేసి అతని నోట్లో పెట్టి, "మీరు సిక్‌లో పడితే నాకెవులు ఎత్తుతారు?" అంది. మెల్లమెల్లగా చెయ్యి నుదుటి దాకా వచ్చింది. తల దాటింది. బస్ అన్న మాట వినబడటం తగ్గింది. ఆమె పొయ్యి దగ్గరికీ వెళ్ళడం మొదలుపెట్టింది. సూరిబాబు పీట వేసుకుని పక్కనే కూర్చుని కూరలు తరిగేవాడు. ముక్కలు ఒకదానికీ ఒకదానికీ పోలిక ఉండేది కాదు. ఇంతా చేసి, అతని అరచెయ్యి కింద లేకుండా ఆ చెయ్యి తనంతట తాను లేస్తుందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. తొందరపడొద్దనీ, అదే చివర రావాల్సిందనీ డాక్టరు అన్నాడు.

చలి తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున ఇద్దరూ ఎప్పట్లాగే చాప దగ్గర కూర్చున్నారు. రమణమ్మ వెల్లకిలా పడుకుంది. సూరిబాబు ఆమె చెయ్యి ఎత్తుతూ కొత్త కబురు ఎత్తుకున్నాడు. కేసింగాలో బండి ఆగి ఉండగా ఒక మేకపోతు తన బ్రేకువ్యానులోకి ఎక్కేసి, దిగమంటే దిగకుండా, తన టోపీని నమిలేసి, తర్వాతి స్టేషను దాకా ప్రయాణం చేసిన వైనం.

"దాన్ని ఈ మూలనుంచి తోస్తే ఆ మూలకి పోతాది. సిగ్నలు పడిపోయింది. డ్రైవరు కూత మీద కూత. నాను ఒక చేత్తో జెండా ఊపుతన్నాను, అది ఎనకనుంచి పొడుస్తంది. దాని కొమ్ములు ఏటనుకున్నావు, ఇలాగ," అంటూ సూరిబాబు రెండు చేతులూ తన తల మీద పెట్టుకుని వేళ్ళు వంకరగా చేసి చూపించాడు.

రమణమ్మ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకోబోయి, అతను చప్పున ఆగిపోవడం గమనించింది.

"తర్వాతేటయింది? దిగిందా నేదా?"

సూరిబాబు చేతులు ఇంకా కొమ్ముల్లా తల మీదే ఉన్నాయి. చూపు ఆమె ముఖం మీద లేదు, ఇంకెక్కడో పైన ఉంది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. రమణమ్మ ముందు అతని చేతులు చూసింది. రెండూ అక్కడే ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా తల తిప్పి తన కుడిచెయ్యి చూసుకుంది. అది నిటారుగా గాలిలో నిలబడి ఉంది. కొంచెం వణుకుతోంది గాని నిలబడే ఉంది.

"ఏవండీ," అంది. "మీ చేతులు రెండూ అక్కడుంటే, నా చెయ్యి ఎవులు పట్టుకున్నారు?"

"ఎవులూ పట్టుకోనేదే రమణా," అన్నాడు సూరిబాబు.